కొసరుగా వచ్చిన తాళం

సికింద్రాబాద్ మొత్తంలో నా అంత గొప్పగా నష్టపోయిన బేరగత్తె ఇంకొకతె ఉంటే చూపించండి, చీర పెట్టి పంపిస్తాను.

నష్టపోవడంలో కూడా పనితనం ఉంటుంది. చేతకానివాళ్ళు మోసపోయి నష్టపోతారు. నేను అలా కాదు. ముగ్గురు అమ్మకందార్లను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఒకరి చెమట ఇంకొకరికి కనబడేలా చేసి, పదకొండు వేల అయిదొందలు చెప్పిన టాబ్‌ను తొమ్మిది వేల రెండొందలకు దింపి, ఆ పైన కొసరు కూడా అడిగి పుచ్చుకుని, మరీ నష్టపోయాను. ఆ కొసరు ఆరువందల ఇళ్ళకు తాళమై కూర్చుంది. ఎవడూ దొంగచాటుగా వేసిన తాళం కాదు. నేను చెయ్యి చాపి అడిగి తెచ్చుకున్నది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరి, పెద్దవాళ్ళ సంతకాల కోసం ఫైళ్ళు పట్టుకు తిరిగే పిల్లలు ఇది చదవాలని రాస్తున్నాను. ఆ బేరం కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నా ముఖంలో ఎంత సంతోషం ఉందో మీరు చూసి ఉండాల్సింది.

మాది జనరల్ బజార్ వెనక సందులో స్టీలు సామాన్ల దుకాణం. నేను అక్షరాలు దిద్దింది ఎక్కడో గానీ, మనుషుల్ని చదవడం మాత్రం గిన్నెల దొంతరల మధ్య కూర్చునే నేర్చుకున్నాను. చెప్పుల అరుగుదలను బట్టి ఎవరు కొంటారో, ఎవరు అడిగి పోతారో చెప్పేదాన్ని. మా నాన్న రెండు మాటలు చెప్పేవాడు. మొదటిది: "బేరం నోట్ల ఉండదు బిడ్డా, కాళ్ళల్ల ఉంటది. లేచి పోయేటోనిదే రాజ్యం." రెండోది: "ధర తెగినంక కొసరు అడగాలె. కొసరడగనోడు కొననట్టే లెక్క." గిన్నె కొంటే గరిటె, బిందె కొంటే మూత. ఇచ్చేవాడు ఏడుపు మొహం పెట్టి ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్ళు గెలిచిన మొహంతో పోవాలి. ఆ ఏడుపు మొహం అద్దంలో చూసి సాధన చేసేది మా నాన్నే. అది తెలిసి కూడా నేను పడ్డాను. అదే నాకిప్పటికీ మింగుడుపడదు.

నా ఉద్యోగం ఒక ప్రైవేటు బడిలో. లాలాగూడలో పెద్ద బడి, నేరేడ్‌మెట్‌లో ఒకటి, అల్వాల్‌లో ఒకటి. మూడింటికీ కొనుగోళ్ళన్నీ నా చేతి మీదుగా జరిగేవి. బెంచీలు, బస్సు టైర్లు, ప్రయోగశాల గాజు సామాను, సుద్దముక్కలు. ఇరవై ఏళ్ళకు పైగా ఎవడూ నాకు ఎక్కువకు అమ్మింది లేదు. మా కాంట్రాక్టర్లు నా గది ముందు చెప్పులు విప్పేటప్పుడే సగం ధర కూడా విప్పేసి వస్తారని మా అకౌంటెంట్ అనేవాడు. నాకు ఆ మాట చాలా ఇష్టం. పదిమందిలో చెప్పించుకునేదాన్ని.

ఆన్‌లైన్ చదువుల కాలం ముగిసి బళ్ళు తెరుచుకున్నాక, ప్రతి బడీ తన హోర్డింగ్ మీద టాబ్ పట్టుకున్న పిల్లవాడి బొమ్మ పెట్టింది. మా ఛైర్మన్‌గారికి నిద్ర పట్టలేదు. నన్ను పిలిచి, "మనకూ కావాలమ్మా. ఎనిమిది, తొమ్మిది తరగతులకు. డబ్బు తల్లిదండ్రులదే. బేరం మాత్రం నీది" అన్నారు.

చూశారా, అక్కడే నేను ఆగాల్సింది. కట్టేది ఒకరు, వాడేది ఇంకొకరు, ఎంచేది నేను. మా దుకాణంలో ఇట్లాంటి కొనుగోలుదారు ఎదురైతే మా నాన్న పండగ చేసుకునేవాడు.

మా కంప్యూటర్ మాష్టారు గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు. ఆయన ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి తెచ్చాడు.

"మేడమ్ గారూ, బజార్లో పది రకాలున్నాయండీ. ఇంత తెర ఉండాలి, ఇంత మెమరీ ఉండాలి అని మనం చెబితే చాలు. ఎవరికి నచ్చింది వాళ్ళు కొనుక్కుంటారు. తొమ్మిది వేలకే మంచివి వస్తున్నాయి."

"ఒక్కొక్కరు పోయి ఒక్కొక్కటి కొంటే ఏం తగ్గిస్తాడు మాష్టారూ? ఆరువందలు ఒకే చోట కొంటామంటే, దిగడా మరి?"

"దిగుతాడండీ. దిగి ఎక్కడ కూర్చుంటాడా అనే నా భయం."

నేను నవ్వి కాగితం పక్కన పెట్టాను. పంతుళ్ళకు బేరం గురించి ఏం తెలుస్తుంది?

ముగ్గురినీ ఒకే రోజు, ఒకే సమయానికి పిలిచాను. ఒకే బెంచీ. ఒకరిని లోపలికి పిలిచి మిగతా ఇద్దరికీ చాయ్ పంపేదాన్ని. లోపలివాడు బయటికి రాగానే ముఖం ఎట్లా ఉందో చూసి బయటివాళ్ళు ఇంకో వంద తగ్గించేవారు. మధ్యాహ్నానికి ఇద్దరు లేచి పోయారు. మిగిలినవాడు కుర్రవాడు, మెడకు టై, రెండు చేతులతో విజిటింగ్ కార్డు ఇచ్చే మర్యాదస్తుడు. తొమ్మిది వేల రెండొందల దగ్గర, "ఇంతకంటే తగ్గితే నా ఉద్యోగం పోతుంది మేడమ్" అన్నాడు.

"సరే. కొసరేదీ?"

"కొసరా?"

"మీ ఇంట్ల కూరగాయలు ఎవరు తెస్తరు నాయనా? కొత్తిమీర ఊరికే పెట్టించుకోరూ?"

వాడు తల గోక్కున్నాడు. బయటికెళ్ళి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. అచ్చం మా నాన్న ముఖంతో తిరిగొచ్చాడు. "మీరు మామూలు మనిషి కాదు మేడమ్. మా పాఠాలన్నీ, వీడియోలు, పరీక్షలు, ఏడాది పాటు ఉచితం. కాకపోతే రెండు మాటలు. మా టాబ్‌లో మా పాఠాలు తప్ప ఇంకేవీ తెరుచుకోవు, పిల్లలు ఆటలాడకుండా. మా పాఠాలు ఇంకో కంపెనీ టాబ్‌లో రావు, అందుకని తరగతి మొత్తం మా సెట్లే ఉండాలి. ఒక్కటి తగ్గినా ఈ రేటు ఇవ్వలేను."

వాడు ఏదీ దాచలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా వాడి మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే నా మీదికే మళ్ళుతుంది. ఆటలు రావన్న మాటను నేను రెండో కొసరు అనుకున్నాను. ఛైర్మన్‌గారు చప్పట్లు కొట్టారు. అకౌంటెంట్ సమోసాలు తెప్పించాడు. మాష్టారు ఒక్కడే సమోసా ముట్టలేదు. పొట్ట బాగాలేదేమో అనుకున్నాను.

డబ్బు కట్టే వారంలో ఒకాయన వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పక్కన ఎనిమిదో తరగతి కూతురు. ఆ పిల్ల కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. ఆయన సంచీలోంచి ఒక పెద్ద టాబ్ తీసి బల్ల మీద పెట్టాడు, వేరే కంపెనీది.

"మేడమ్, మా బిడ్డకు జెర ఇదే నడవనియ్యున్రి. మీరిచ్చేది చూసిన, చిన్నగున్నది. అండ్ల అక్షరాలు పెద్దగైతలేవు. దుకాణంల ఆరు రకాలు దీని చేతులకిచ్చి చూపిచ్చిన. దీంట్ల బరాబర్ కనవడ్డది."

"ఎంత పడ్డది అన్నా?"

"పదివేల నాలుగొందలు."

"ఎంత చెప్తే ఎంతకు దింపినవ్?"

"దింపలే. చీటీ మీదున్నదే ఇచ్చిన."

నాకు నవ్వాగలేదు. "వెయ్యి రెండొందలు నీళ్ళల్ల పోసినవ్ గదన్నా!"

"నీళ్ళల్ల గాదు మేడమ్. బిడ్డ కండ్లల్ల పోసిన."

అమ్మాయి బల్ల మీది టాబ్‌ను మెల్లగా తన వైపు లాక్కుంది, నేనెక్కడ తీసుకుంటానో అన్నట్టు. నేను టై కుర్రవాడికి ఫోన్ చేశాను. "ఒక్కరికి వదిలితే లెక్క తప్పుతుంది మేడమ్, అప్పుడు రేటు మళ్ళీ మాట్లాడుకోవాలి" అన్నాడు. నా రేటు! నేను బెంచీ మీద చెమట పట్టించి సాధించిన రేటు! దాని మీద ఈగ వాలినా నేను ఒప్పుకోను. ఫిట్టరన్నతో, రూలు రూలే అన్నాను. ఒకరికి ఒప్పుకుంటే అందరూ వస్తారన్నాను. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇట్లాంటి మాటలు ఎక్కడా నేర్చుకోరు, వాటంతటవే వస్తాయి.

ఆయన వాయిదాల మీద రెండోది కూడా కొన్నాడు.

ఆ ఏడాది నేను ఎనిమిదో తరగతి గది ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ పిల్ల ముక్కు తెరకు అంటుకుని ఉండేది. పాఠాలు బాగుండేవి, అన్యాయంగా చెప్పకూడదు. రంగులు, కదిలే బొమ్మలు. అక్షరాలే చీమలంత. వాటిని పెద్దవి చేసే వీలు ఆ తాళంలో లేదు. ఇంటి దగ్గర ఏం చేస్తోందని మాష్టారిని అడిగితే చెప్పాడు. వాళ్ళమ్మ ఏడో తరగతి దాకా చదివిందట, తెలుగు మీడియం. సాయంత్రం పొయ్యి పక్కన కూర్చుని చిన్న టాబ్‌లో ఇంగ్లీషు మాటలు ఒక్కో అక్షరం పైకి చదువుతుందట. "పీ, హెచ్, ఓ, టీ, ఓ..." ఆమెకు ఆ మాటేమిటో తెలియదు. కూతురు విని అక్షరాలు కూర్చి, మాట చేసి, పెద్ద టాబ్‌లో రాసుకుంటుందట.

"మరి మీరేం చేస్తున్నారు మాష్టారూ?"

"నా నోట్సు టైపు చేసి ఆ పెద్దదానికి పంపిస్తున్నానండీ. రూలుకు విరుద్ధమే. మీకు చెప్పలేదు."

ఆయన అప్పుడూ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచి తప్పించుకునేదాన్ని.

వేసవి సెలవుల ముందు కంపెనీ నుంచి కబురొచ్చింది. ఉచితం ముగిసింది. రెండో ఏడాది పాఠాలకు ఒక్కో టాబ్‌కు నాలుగు వేల ఎనిమిదొందలు. కట్టకపోతే తెర మీద వాళ్ళ గుర్తు ఒక్కటే వెలుగుతుంది, ఇంకేమీ రాదు. సగం ధర మళ్ళీ!

నేను పళ్ళు కొరుక్కుంటూ ఆటో ఎక్కాను. బేగంపేట వైపు అద్దాల మేడలో వాళ్ళ ఆఫీసు. టై కుర్రవాడు ఉద్యోగం మారిపోయాడట. కొత్తమ్మాయి చల్లటి నీళ్ళు ఇచ్చి, చిరునవ్వుతో కూర్చోబెట్టింది. నేను పదిహేను వందలు అన్నాను. ఆమె నాలుగు వేల ఎనిమిదొందలు అంది. రెండు వేలన్నాను. నాలుగు వేల ఎనిమిదొందలు అంది. అదే చిరునవ్వు. గదిలో చూస్తే బెంచీ లేదు, బెంచీ మీద ఇంకొక కంపెనీ వాడు లేడు. నేను ఒక్కదాన్నే. ఆ రోజు బయట బెంచీ మీద కూర్చున్నది నేనే అని అప్పుడు తెలిసింది.

అయినా పుట్టుబుద్ధి పోతుందా? సంచీ తీసుకుని లేచాను. "అట్లయితే మాకొద్దు తల్లీ" అని తలుపు దాకా నడిచాను, మా సందులో నడిచినట్టు, వీపుతో వింటూ. మా బజార్లో మూడో అడుగుకు పిలుస్తారు. మహా మొండివాడైతే మలుపు దగ్గర పిలుస్తాడు. నేను లిఫ్టు దాకా వచ్చాను. లిఫ్టు వచ్చింది, ఎక్కలేదు. పోనిచ్చాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోనిచ్చాను. లోపల ఆ అమ్మాయి ఎవరితోనో మధ్యాహ్నం భోజనం గురించి మాట్లాడుతోంది. నన్ను పిలవాల్సిన అవసరం ఆమెకేముంది? నాకు కాళ్ళు లేవని ఆమెకు తెలుసు. వాటిని నేనే కొసరు కింద రాసిచ్చి వచ్చాను.

తిరుగు దారంతా హోర్డింగులు చూశాను. ఒకడు సన్నదంటాడు, ఒకడు కలం ఉందంటాడు, ఇంకొకడు రోజంతా చార్జింగు అంటాడు. పది కంపెనీలు రోడ్డు మీద కొట్టుకుచస్తుంటే కొనేవాళ్ళకు ఎంత సుఖమని మనం అనుకుంటాం. ఆ కొట్లాట గడప బయటి వరకే. లోపలికొచ్చాక ఒక్కడే మిగులుతాడు, వాడే ధర చెబుతాడు, వాడే చీటీ రాస్తాడు. ఇక బడి! చదువు చెప్పే చోటు కదా అని తల్లిదండ్రులు నమ్మి కడితే, వాళ్ళను మందలా తోలుకెళ్ళి ఒకే దుకాణంలో కట్టేసింది బడి. తోలిన కర్ర నా చేతిలో ఉంది. నాకు ఒళ్ళు మండింది. కంపెనీ మీద మండింది, ఛైర్మన్ మీద మండింది, చివరికి ఆటోవాడు ఇరవై ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇచ్చేంతగా మండింది.

జూన్‌లో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. లాలాగూడ బడి హాలు నిండిపోయింది. ఛైర్మన్‌గారు నాతో, "నీ మాటంటే అందరికీ గురి. ఇదే మార్కెట్లో తక్కువ ధర అని చెప్పు. కట్టనివాళ్ళ పిల్లలు టాబ్ లేని సెక్షన్‌కు మారతారని ఇళ్ళకు చీటీలు పంపాం కదా, అదే మళ్ళీ చెప్పు" అన్నారు. మైకు నా చేతికిచ్చారు.

నేను నోరు తెరిచేలోపే ఫిట్టరన్న లేచాడు. ఒక చేతిలో పెద్ద టాబ్, ఇంకో చేతిలో చిన్నది.

"మేడమ్, ఒక్క మాట. ఇది నా బిడ్డకు కనవడ్తది, మీకు కనవడదు. గిది మీకు కనవడ్తది, నా బిడ్డకు కనవడదు. గిప్పుడు ఈ కనవడనిదానికి మల్ల పైసల్ కట్టాలె. కట్టకుంటే పిల్లను సెక్షన్లకెళ్ళి తీసేస్తరు. ఏందీ తక్లీఫ్? మేం జేసిన తప్పేంది, జెర చెప్పున్రి."

వెనక నుంచి ఎవరో, "మాట్లాడు మేడమ్, మస్తు బేరమాడినవంట గద!" అన్నారు. హాలంతా నవ్వింది. నా జీవితంలో నన్ను చూసి ఒక బజారు మొత్తం నవ్వడం అదే మొదటిసారి.

ఛైర్మన్‌గారు నా వైపు చూశారు. ముందు వరసలో ఆ పిల్ల కూర్చుని ఉంది. నేను ఎంత దూరంలో ఉన్నానో కూడా ఆమెకు సరిగ్గా తెలియదనుకుంటాను. గొంతు వచ్చే వైపు తల తిప్పి పెట్టుకుంది.

"ఎవ్వరూ కట్టొద్దు," అన్నాను.

మైకు గట్టిగానే పలికింది. ఛైర్మన్‌గారు, "ఏమ్మా?" అన్నారు. నేను ఆపలేదు. ఆ రోజు ధర ఎట్లా దింపానో చెప్పాను. తరగతి మొత్తానికీ ఒకటే ఉండాలన్న షరతుకు నేనే తలూపానని, ఆ అమ్మాయి టాబ్‌ను నా రేటు కోసమే కాదన్నానని చెప్పాను. "నేనొక్కదాన్నే లేచొస్తే వాళ్ళు పిలవలేదు. ఆరువందల ఇళ్ళు ఒక్కసారి లేస్తే వాళ్ళే ఉరికొస్తరు. బేరం ఎట్ల ఆడాలో నాకు తెలుసు. ఎవరితోని కలిసి ఆడాలో తెల్వలే" అన్నాను. ఛైర్మన్‌గారు మైకు తీసేసుకున్నారు. అప్పటికి అందరూ లేచి తలుపుల వైపు నడుస్తున్నారు.

మా నాన్న చెప్పింది నిజమే. మూడో రోజు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "మేడమ్, ఒకసారి వచ్చి కూర్చుంటే మాట్లాడుకుందాం." సగానికి దిగారు, రెండు వేల నాలుగొందలు. నా అరచేతులు దురద పెట్టాయి. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నేను పాత మనిషినైపోయాను. రెండు వేలకు దించగలను, పైన ఒక కొసరు లాగగలను. మాష్టారు పక్కనే ఉన్నాడు.

"సగానికి దించారు కదండీ," అన్నాడు. "తాళం కూడా సగం తీస్తారంటారా?"

నేను ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాను. పాఠాలు వద్దు, తాళం తీసేయండి అన్నాను. దానికీ ధర ఉంది, ఒక్కోదానికి ఆరొందలు. ఆ ఆరొందలు బడి పెట్టుకోవాలని నేను, తల్లిదండ్రులు పెట్టుకోవాలని ఛైర్మన్‌గారు. నేను ఓడిపోయాను. కానీ ఒక కాగితం మీద ఆయన చేత సంతకం మాత్రం పెట్టించాను: ఇక ఏ కంపెనీ టాబ్ అయినా తరగతిలోకి రావచ్చు, బడి పాఠాలు ఎందులోనైనా తెరుచుకునేలా మన పంతుళ్ళే తయారు చేయాలి. టాబ్ లేని సెక్షన్ అన్న మాట మళ్ళీ వినబడలేదు. తాళాలు తీసిన మర్నాడు పిల్లలు మొదట తెరిచింది ఆటలే. తరవాతే పాఠాలు. ఫిట్టరన్న కూతురు తొమ్మిదిలో, పదిలో పెద్ద టాబ్‌ను బల్ల మీద నిటారుగా నిలబెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని చదివింది.

నన్ను కొనుగోళ్ళ నుంచి తప్పించి స్టేషనరీకి పంపారు. రిటైరయ్యే దాకా సుద్దముక్కలు కొన్నాను. చవకగానే కొన్నాను.

నేను బడి వదిలిపోయే ముందు ఫిట్టరన్న గేటు దగ్గర కలిశాడు. చిన్న టాబ్‌కు తాళం తీయించావా అని అడిగాను.

"ఇంకో ఆరొందలు ఎందుకు మేడమ్? గోడకు మేకు గొట్టి నిలవెట్టిన. నల్లగ మెరుస్తది గద, పొద్దుగాల దాంట్ల చూసుకుంట గడ్డం గీసుకుంట. తొమ్మిది వేల రెండొందల అద్దం! మా వర్క్‌షాపుల ఇంకెవ్వనికి లేదు."

నవ్వాడు. నన్ను కూడా నవ్వమన్నట్టు చూశాడు. నాకు చేతకాలేదు.

ఇక చీటీ రాస్తాను, దుకాణదారు కూతురిని కాబట్టి.

మామూలు ఇంటికి: టాబ్ తొమ్మిది వేల రెండొందలు, తాళం తీసినందుకు ఆరొందలు, మొత్తం తొమ్మిది వేల ఎనిమిదొందలు. మాష్టారు కాగితం మీద రాసి తెచ్చినది, ఏ తాళమూ లేనిది, బేరం లేకుండా తొమ్మిది వేలు. నా బేరం వల్ల ఇంటికి ఎనిమిదొందలు నష్టం.

ఫిట్టరన్నకు: కూతురికి కనబడేది పదివేల నాలుగొందలు, నాకు కనబడేది తొమ్మిది వేల రెండొందలు, మొత్తం పంతొమ్మిది వేల ఆరొందలు.

కొసరు: పొయ్యి పక్కన ఒక తల్లి అక్షరం అక్షరం పైకి చదివిన ఏడాది పాఠాలు. అవి మాత్రం, చెప్పినట్టే, ఉచితంగా వచ్చాయి.